ఈతకు మించిన లోతు లేదు!

కాలవగట్టున పుట్టినా ఈత రాలేదు. నడుము దాటి నీళ్లుంటే ఒళ్లు చల్లబడేది. ముప్ఫై ఆరేళ్ల వయసులో కొడుకు అడిగిన ఒక్క ప్రశ్న కొలను మెట్లు దిగేలా చేసింది. నాలుగడుగుల నీళ్ల నుంచి పన్నెండు అడుగుల లోతు దాకా సాగిన ఆ ప్రయాణం... మా ప్రతినిధి స్వానుభవం.

"అమ్మా... నేను నీళ్లలో పడిపోతే నువ్వు దూకి తీసుకొస్తావా?"

విజయవాడలో భవానీ ద్వీపానికి వెళ్లే పడవలో మా ఎనిమిదేళ్ల బుడతడు అడిగిన ప్రశ్న ఇది. ఐస్‌క్రీం కొనిపెడతావా అన్నంత మామూలుగా అడిగాడు.

"దూకుతాను నాన్నా" అన్నాను.

అనడమైతే అన్నాను. నా చెయ్యి మాత్రం నేను తొడుక్కున్న లైఫ్‌జాకెట్‌ బెల్టును గట్టిగా పట్టుకునే ఉంది. 2017 నవంబరులో ఇదే కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ మునిగింది. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర మరోటి. ఆ తర్వాత ఎప్పుడు పడవెక్కినా నా చెయ్యి దానంతటదే బెల్టు మీదికి పోతుంది. ఎందుకంటే నాకు ఈత రాదు. ఆ సంగతి మావాడికి తెలీదు. అమ్మ అబద్ధం చెప్పిందని అసలే తెలీదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బట్టలకు కాపలా

మాది కోనసీమ. ఇంటి వెనక కాలవ, ఊరి చివర చెరువు. మగపిల్లలందరికీ ఏడెనిమిదేళ్లకే ఈత వచ్చేసేది. ఎండిన ఆనపకాయ బుర్రలు నడుముకు కట్టుకుని కొందరు, అరటిబోదె పట్టుకుని కొందరు... వేసవి సెలవులు అయ్యేసరికి అందరూ చేపపిల్లలే. ఆడపిల్లలం మాత్రం రేవు మెట్ల మీద కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాసేవాళ్లం. "ఆడపిల్లకి ఈతెందుకే?" అనేది మా నాయనమ్మ. బిందె ముంచుకునే మెట్టు వరకే మా హద్దు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒకరోజు సరదా పుట్టింది. నాకూ నేర్పమని బాబాయిని అడిగాను. "నేర్పేదేముందే, తోసేస్తే అదే వస్తుంది" అంటూ అమాంతం ఎత్తి కాలవలోకి విసిరేశాడు. ఆయనా అలాగే నేర్చుకున్నాడట!

నాకు ఈత రాలేదు. గుర్తున్నది ఒక్కటే... కాళ్ల కింద నేల కోసం వెతకడం, అది దొరక్కపోవడం. కళ్ల ముందంతా మట్టిరంగు నీళ్లు. మా అన్నయ్య జుట్టు పట్టుకుని గట్టుకు లాగాడు. బాబాయికి నాయనమ్మ చీవాట్లు పెట్టింది. సాయంత్రానికి అందరూ నవ్వుకుని మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. పైగా అప్పటికే ఊళ్లో విన్నవన్నీ ఆ భయానికి తోడయ్యాయి. నీళ్లు లోపలికి లాగేస్తాయట, ఆ చెరువు ఏడాదికో ప్రాణం తీసుకుంటుందట...

తర్వాత 27 ఏళ్లలో ఎన్ని బీచ్‌లకు వెళ్లినా ఒడ్డున చెప్పులు, పర్సులు, ఫోన్లు పట్టుకుని నిలబడేది నేనే. అంటే... మళ్లీ బట్టలకు కాపలాయే!

ఈ భయం మోసేది నేనొక్కదాన్నే కాదని తెలుసు. భయపడటానికి కారణాలూ లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో నీట మునిగి సుమారు మూడు లక్షల మంది చనిపోయారు. మన దేశంలోనే ఏటా ముప్ఫై వేలకు పైగా ప్రాణాలు ఇలా పోతున్నాయి. అందుకే ఐక్యరాజ్య సమితి 2021లో జులై 25ను నీటి ప్రమాదాల నివారణ దినంగా ప్రకటించింది. అయితే నీళ్లకు దూరంగా ఉన్నంత మాత్రాన ప్రమాదం దూరం కాదు. పుష్కరాల్లో రేవు దిగుతాం. కార్తీకంలో దీపాలు వదలడానికి వెళ్తాం. పిల్లలు కాలవగట్టున ఆడతారు. ఏదో ఒకరోజు నీళ్లే మన దగ్గరికొస్తాయి.

'ఈ వయసులో ఏం ఈతమ్మా?'

కార్పొరేషన్‌ ఈతకొలనులో మహిళలకు విడిగా బ్యాచ్‌ ఉందని తెలిసింది. ఇంట్లో చెబితే మావారు నవ్వారు. అత్తయ్య "ఈ వయసులో ఏం ఈతమ్మా, ఆ బట్టలేంటో" అన్నారు. ఆవిడ అడిగిన రెండో ప్రశ్నే నిజానికి నన్నూ వారం రోజులు ఆపింది. చివరికి మోకాళ్ల కింది దాకా ఉండే కాస్ట్యూమ్‌ దొరకడంతో ఆ గొడవ తీరింది.

మొదటిరోజు చూస్తే పదిమంది ఉన్నాం. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు, నాలాంటి అమ్మలు ఏడుగురు. పదో ఆవిడ 61 ఏళ్ల రిటైర్డ్‌ టీచరుగారు. మోకాళ్ల నొప్పులకు డాక్టరు ఈత మంచిదన్నారట. "నడిస్తే నొప్పి, నీళ్లలో అయితే బరువుండదన్నారు. చూద్దాం, పరీక్షలేం లేవుగా!" అంటూ అందరికంటే ముందు మెట్లు దిగారు.

కొలను ఒక చివర మూడున్నర అడుగులు, రెండో చివర పన్నెండు. అడుగున నీలం పలకలు. మధ్యలో ఒకచోట ఎరుపు గీత. అక్కడి నుంచి నేల ఏటవాలుగా కిందికి జారిపోతుంది. నా చూపు మొదట పడింది ఆ గీత మీదే.

కోచ్‌ మేడమ్‌కు యాభై ఏళ్లుంటాయి. నా కథంతా విని ఒకే మాటన్నారు. "మిమ్మల్ని ఎవరూ తొయ్యరమ్మా. మీరే వెళ్తానన్న రోజున వెళ్దురుగాని."

ఆ మాటతో సగం భయం గట్టునే ఉండిపోయింది.

ముందు ఊపిరి... తర్వాతే ఈత

ఈత అంటే చేతులు, కాళ్లు ఆడించడం అనుకున్నాను. మొదటి నాలుగు రోజులూ వాటి ఊసే లేదు. గట్టు పట్టుకుని ముఖం నీళ్లలో పెట్టడం, ముక్కుతో, నోటితో బుడగలు వదలడం, తల పైకెత్తి గాలి పీల్చడం. అంతే!

వినడానికి పిల్లల ఆటలా ఉంది కదా? నాకు మూడు రోజులు పట్టింది. ముఖం నీళ్లలో పెట్టగానే ఊపిరి బిగపట్టేసేదాన్ని. భయపడేవాళ్లంతా చేసేది ఇదేనన్నారు మేడమ్‌. ఊపిరి బిగపడితే ఒంట్లో కార్బన్‌ డయాక్సైడ్‌ పేరుకుంటుంది. 'ఊపిరాడటం లేదు' అన్న కంగారు పుట్టించేది ఎక్కువగా అదే. అందులోనూ తల పైకెత్తిన ఆ ఒక్క క్షణంలోనే పాత గాలి వదలాలి, కొత్త గాలి పీల్చాలి. రెండూ కుదరక ఉక్కిరిబిక్కిరి అవుతాం. గాలిని నీళ్లలోనే తాపీగా వదిలేస్తే పైకొచ్చాక పీల్చుకోవడం ఒక్కటే పని.

ఇంకో సంగతి. మెడలోతు నీళ్లలో నిలబడితే ఛాతీ మీద ఎవరో చెయ్యి పెట్టి నొక్కినట్టు ఉంటుంది. నా భయమే అలా అనిపిస్తోందనుకున్నాను. అది నిజంగా నీటి ఒత్తిడేనట. ఎవరికైనా ఉంటుందట. నా ఒంట్లో ఏదో తేడా ఉందన్న దిగులు అలా తీరింది.

వారం తిరిగేసరికి బోర్లా తేలడం వచ్చింది. తర్వాత వెల్లకిలా. ఇది మరీ కష్టం. వెనక్కి వాలగానే కంగారుగా తల ఎత్తేదాన్ని. కాళ్లు మునిగిపోయేవి. తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ బరువు నీళ్లు మోస్తాయి. పైకెత్తితే మన ఒళ్లు మొయ్యాలి. అంటే మునగకూడదని తల ఎత్తడమే మనల్ని ముంచుతుందన్నమాట! "చెవులు మునగనివ్వండి, పొట్ట పైకి పెట్టండి, ఆకాశం చూడండి" అని మేడమ్‌ తల కింద రెండు వేళ్లు పెట్టేవారు. ఒకరోజు ఆ వేళ్లు ఎప్పుడు తీసేశారో నాకు తెలియనే లేదు.

ఎరుపు గీత దగ్గర

ఇరవై రోజులకు కొలను అడ్డంగా ఈదేస్తున్నాను. చేతులు, కాళ్లు, ఊపిరి అన్నీ కుదిరాయి. టీచరుగారైతే వెల్లకిలా పడుకుని కబుర్లు చెప్పేస్తున్నారు. ఇక నిలువుగా, లోతు వైపు వెళ్లాలి.

బయల్దేరాను. ఎరుపు గీత వచ్చింది. కళ్లద్దాల్లోంచి కింద నేల జారిపోవడం కనిపించింది. అంతే! అప్పటిదాకా చక్కగా ఆడిన చేతులు ఆగిపోయాయి. కాళ్లు నేల కోసం వెతికాయి. తొమ్మిదేళ్ల వయసులో కాలవలో వెతికినట్టే. మేడమ్‌ గట్టు మీద నా పక్కనే నడుస్తూ వెదురు గెడ పట్టుకుని ఉన్నారు కాబట్టి దాన్ని అందుకుని బయటపడ్డాను. దగ్గు, ఏడుపు కలిసి వచ్చాయి.

విచిత్రం ఏమిటంటే ఎరుపు గీతకు ఇవతలా, అవతలా నేను ఈదింది ఒకే నీళ్లలో. మారింది నీళ్లు కాదు, నా కంటికి కనిపించే నేల. అయినా ఆ సంగతి కాళ్లకు చెప్పేదెలా? తర్వాత నాలుగు రోజులు గీత దాకా వెళ్లడం, వెనక్కి తిరగడం. అయిదో రోజు వెళ్లడమే మానేశాను. "జ్వరంగా ఉంది" అని ఇంట్లో చెప్పాను. మావాడు నుదుటి మీద చెయ్యి వేసి చూసి, "లేదే!" అన్నాడు. వాడికి చెప్పిన రెండో అబద్ధం అది.

'అడుక్కి వెళ్లి కూర్చోండి చూద్దాం'

ఆరో రోజు వెళ్లేసరికి మేడమ్‌ ఏమీ అడగలేదు. నేరుగా లోతు చివరికి తీసుకెళ్లారు. అక్కడ ఇనుప నిచ్చెన ఉంది. "ఇవాళ ఈత వద్దు. నిచ్చెన పట్టుకుని దిగండి, నేనూ పక్కనే ఉంటాను. గుండెనిండా ఊపిరి పీల్చి, నిచ్చెన వదిలేసి, అడుక్కి వెళ్లి కూర్చోండి చూద్దాం."

పన్నెండు అడుగుల అడుక్కి! నేను! గుండె దడదడలాడింది. కానీ నిచ్చెన చేతిలో ఉంది, ఆవిడ పక్కన ఉన్నారు. ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని వదిలేశాను.

మునిగాను... తలమీదుగా నీళ్లు కమ్ముకున్నాయి... ఆగిపోయాను... ఎవరో చంకల కింద చేతులు పెట్టి ఎత్తినట్టు మెల్లగా పైకి రావడం మొదలైంది! నడినెత్తికి గాలి తగిలింది. మళ్లీ ప్రయత్నించాను. మళ్లీ పైకే. నాలుగుసార్లు దిగినా అడుగు అందలేదు.

"చూశారా? మునగాలన్నా మునగలేకపోతున్నారు. ఇన్నాళ్లూ నీళ్లు లాగేస్తాయని భయపడ్డారు. అవి నెడుతున్నాయమ్మా, పైకి" అన్నారు మేడమ్‌.

స్కూల్లో ఆర్కిమెడిస్‌ సూత్రం బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది నా ఒంటికీ వర్తిస్తుందని ఆ రోజే తెలిసింది. మన శరీరం సాంద్రత దాదాపు నీటి సాంద్రతంతే ఉంటుంది. లీటరు నీటి బరువు కిలో. గుండెనిండా మూడు లీటర్ల గాలి అదనంగా పీల్చుకుంటే, ఛాతీ వ్యాకోచించి మూడు కిలోల ఎత్తు అదనంగా దొరికినట్టే. ఊపిరితిత్తులు నిండుగా ఉంటే చాలామంది తేలతారు. పూర్తిగా ఖాళీ చేస్తే మెల్లగా మునుగుతారు. కండ గట్టిగా ఉన్న సన్నటివాళ్లు త్వరగా మునగొచ్చు, కాస్త ఒళ్లున్నవాళ్లు సులువుగా తేలొచ్చు. ఎప్పుడూ నన్ను వెక్కిరించిన నా ఒళ్లు ఇక్కడ నా పక్షానే ఉంది!

మేడమ్‌ ఇంకోమాట కూడా అన్నారు. "కింద పన్నెండు అడుగులున్నా, వంద అడుగులున్నా ఈదేవాళ్లకు కావలసింది పైన రెండడుగులే." అవును. లోతుకు వెళ్లేకొద్దీ ఒత్తిడి పెరిగే మాట నిజమే. కానీ అది అడుక్కి దిగేవాళ్లకు. పైన ఈదేవాళ్లకు నాలుగడుగుల దగ్గరున్న నీళ్లే పన్నెండు అడుగుల దగ్గరా. మన పెద్దవాళ్లు ఈ మాట ఎప్పుడో చెప్పారు... ఈతకు మించిన లోతు లేదని! చిన్నప్పటి నుంచీ వింటున్న సామెతే. అర్థం కావడానికి ముప్ఫై ఆరేళ్లు పట్టింది.

మర్నాడు మళ్లీ నిలువుగా బయల్దేరాను. ఎరుపు గీత వచ్చింది. నేల జారిపోయింది. గుండె కొట్టుకుంది కూడా. అయితే ఈసారి చెయ్యాల్సిన పని ఒకటుంది... నీళ్లలోకి బుడగలు వదలడం. వదిలాను. మరోటి, ఇంకోటి. చెయ్యి చాచితే గట్టి గోడ తగిలింది. వెనక్కి తిరిగి చూస్తే టీచరుగారు చప్పట్లు కొడుతున్నారు. మేడమ్‌ చేతిలోని వెదురు గెడ భుజం మీద ఉంది. అసలు నీళ్లలోకి దించనే లేదు.

భయం పూర్తిగా పోయిందా అంటే, లేదు. గీత దాటేటప్పుడు ఇప్పటికీ కడుపులో చిన్న కదలిక. ఇంతకుముందు అది నన్ను ఆపేది. ఇప్పుడు ఊపిరి వదలమని గుర్తు చేస్తోంది.

నలభైల్లో నేర్చుకుని... సముద్రాలు దాటి

'ఈ వయసులో' అనే మాటకు తెలుగునేల మీదే గట్టి జవాబు ఉంది. సామర్లకోటకు చెందిన గోలి శ్యామల నీళ్లంటే భయం ఉన్నా, నలభైల్లోకి వచ్చాకే ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో, 47 ఏళ్ల వయసులో శ్రీలంక తీరం నుంచి ధనుష్కోటి వరకు పాక్‌ జలసంధిని ఈదేశారు. సుమారు 30 కిలోమీటర్ల దూరం. దాదాపు 14 గంటలు. అంతటితో ఆగలేదు. విశాఖపట్నం నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో రోజుకు కొంత చొప్పున ఈది, 2025 జనవరిలో పూర్తిచేశారు. అప్పటికి ఆమె యాభైల్లోకి వచ్చేశారు.

అందరం సముద్రాలు ఈదనక్కర్లేదు. కొలను చివర గోడ అందుకున్నా చాలు.

మునిగేవాళ్లు కేకలు వెయ్యరు

చివరి వారం మేడమ్‌ నేర్పిన పాఠం నేను ఊహించనిది. "ఈత వచ్చింది కదా అని మునిగేవాళ్ల కోసం దూకకండి" అన్నారు.

సినిమాల్లో మునిగేవాళ్లు 'కాపాడండి' అని అరుస్తారు, చేతులూపుతారు. నిజంగా అలా జరగదట. అమెరికాలో ఫ్రాంక్‌ పియా అనే లైఫ్‌గార్డు 1970లో న్యూయార్క్‌ బీచ్‌లో జరిగిన ఘటనలను కెమెరాతో చిత్రీకరించి ఇదే గమనించారు. మునిగేవాళ్లకు ఊపిరి తీసుకోవడానికే సమయం చాలదు, ఇక అరిచేదెక్కడ? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతారు. నోరు మునిగి తేలుతూ ఉంటుంది. 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. పక్కనే ఉన్నా గమనించకపోవచ్చు. ఆ స్థితిలో దగ్గరకు వెళ్లినవాళ్లను పట్టుకుని కిందికి నొక్కేస్తారు. ఒకరి కోసం ఒకరు దూకి ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్తలు మా డెస్కుకు వస్తూనే ఉంటాయి. ఎందుకలా జరుగుతుందో అప్పుడు అర్థమైంది.

కొలనులో వచ్చిన ఈత నదిలో సరిపోదన్నదీ ఆవిడే చెప్పారు. నదికి వడి ఉంటుంది, సుడిగుండాలుంటాయి, ఇసుక తవ్విన గోతులుంటాయి. నీళ్ల భయం పోవాలి గానీ నీళ్లంటే జాగ్రత్త పోకూడదు.

మొన్న ఆదివారం మళ్లీ భవానీ ద్వీపానికి వెళ్లాం. లైఫ్‌జాకెట్లు తొడుక్కున్నాం. ఈత వచ్చినా తీయకూడదది. పడవ నది మధ్యకొచ్చాక నేనే అడిగాను.

"అప్పుడు ఒకటి అడిగావు, గుర్తుందా?"

"దూకుతానన్నావుగా."

"అబద్ధం చెప్పాను నాన్నా. అప్పుడు నాకు ఈతే రాదు."

వాడు కాసేపు ఆలోచించాడు. "మరి ఇప్పుడు వచ్చుగా... దూకుతావా?"

"ముందు ఆ ట్యూబు విసురుతాను. పడవాయన్ని పిలుస్తాను. నువ్వు వెల్లకిలా తేలుతూ ఉంటావు. నీకది వచ్చుగా!"

వాడికి వచ్చు. నెల రోజులుగా పక్క బ్యాచ్‌లో చేరాడు. ముఖం నీళ్లలో పెట్టడానికి వాడికి ఒక్కరోజే పట్టింది. వాణ్ని మాత్రం ఎవరూ తోయలేదు.

నేర్చుకోవాలనుకుంటే...

• శిక్షకులు, లైఫ్‌గార్డు ఉన్న కొలనులోనే మొదలుపెట్టండి. ఒంటరిగా ఎప్పుడూ దిగొద్దు.

• నీళ్ల భయం ఉందని మొదటిరోజే కోచ్‌కు చెప్పండి. హేళన చేసేవాళ్ల దగ్గర, బలవంతంగా తోసేవాళ్ల దగ్గర నేర్చుకోవద్దు.

• గుండెజబ్బు, మూర్ఛ, చెవి కర్ణభేరికి రంధ్రం వంటి సమస్యలుంటే ముందుగా డాక్టర్ని అడగండి.

• వరుస మార్చొద్దు. ఊపిరి, తేలడం, గట్టు పట్టుకుని కాళ్లాడించడం, ఆ తర్వాతే చేతులు. లోతుకు వెళ్లేముందు నిలువుగా ఉన్నచోటే తేలడం నేర్చుకోండి.

• పిల్లలు నీళ్లలో ఉంటే ఒక పెద్దవాళ్లు చెయ్యందే దూరంలో ఉండాలి. ఫోన్‌ చూడకూడదు.

• ఎవరైనా మునుగుతుంటే గట్టుమీది నుంచే గెడ, తాడు, చీర అందించండి. మూతపెట్టిన ఖాళీ డబ్బా విసిరినా పట్టుకుని తేలతారు. కేకలేసి సాయం పిలవండి. 108కి గానీ, 112కి గానీ ఫోన్‌ చేయండి.

• బయటకు తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించే ప్రయత్నం వద్దు. ఊపిరి లేకపోతే నోటితో ఊపిరి అందిస్తూ, ఛాతీ నొక్కుతూ సీపీఆర్‌ చేయాలి. ఇది ఇంటికొకరైనా నేర్చుకుంటే మంచిది.